ఎడారి తెల్లబడిన పండగ

"వందనాలాంటీ, వాతావరణం వార్తలు చూశారా?" అంటూ మొన్న సుధీర్ ఫోన్ చేశాడు. సాల్మియాలో బట్టల షాపులో పనిచేసే కుర్రాడు. మా తెలుగు క్రైస్తవ సహవాసానికి ఈ ఏడాది కార్యదర్శి. క్రిస్మస్ వారమంతా చలిగాలులు, ఉరుములతో వాన, వడగళ్ళు ఉంటాయని చెప్తున్నారట. ఎడారి వైపు నీళ్ళు గడ్డకట్టేంత చలి ఉంటుందట, ఉత్తరాన సరిహద్దు దగ్గర మంచు పడినా పడొచ్చట. అప్పటికే మా వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఏ దేశానిదో వీడియో తెచ్చి పెట్టి, ఇదిగో కువైట్‌కి మంచు తుఫాను వచ్చేస్తోందని ఊదరగొట్టేస్తున్నారు. పండగ ఆరాధనను ఆ తర్వాతి శుక్రవారానికి, అంటే ఇక్కడి వారం సెలవురోజుకి, వాయిదా వేద్దామని కమిటీలో అందరూ అనుకుంటున్నారనీ, పెద్దదాన్ని కాబట్టి నన్నూ ఒక మాట అడుగుతున్నాననీ అన్నాడు. వాయిదా వద్దన్నాను. "ఆ వానలో ఎవరొస్తారాంటీ?" అన్నాడు. "వచ్చేవాళ్ళు వస్తారు బాబూ, హాలు తీసే ఉంచండి" అన్నాను. పిల్లాడు నొచ్చుకున్నట్టున్నాడు, ఫోన్ పెట్టేశాడు. ఎందుకు వద్దన్నానో ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

నేను కువైట్ వచ్చేనాటికి ఇక్కడ చలి ఉంటుందన్న సంగతే తెలియదు. మా కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు సెలవులకి వచ్చి చెప్పే కబుర్లన్నీ ఎండ గురించే. అందుకని మా పిన్ని నా పెట్టెలో నూలు చీరలు, పల్చటి జాకెట్లు సర్దింది. స్వెట్టరన్న ఆలోచన ఎవరికీ రాలేదు. సల్వాలో ఒక కువైటీ వాళ్ళ ఇంట్లో పని. ఇంటి యజమానురాలు బళ్ళో టీచరు. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే మేమందరం యజమానురాలిని మామా అనీ, యజమానిని బాబా అనీ పిలుస్తాం. నా పని మాత్రం ఎక్కువగా బాబావాళ్ళ అమ్మతోనే. ఇంటిల్లిపాదీ ఆవిడని యుమ్మా అనేవారు, అంటే అమ్మా అని. నేనూ అదే పిలుపు పట్టుకున్నాను. ఆవిడకి మోకాళ్ళు పట్టేసి ఉండేవి. తెల్లారకముందే లేపి, గోరువెచ్చని నీళ్ళిచ్చి, ప్రార్థన అయ్యేదాకా తలుపు దగ్గర కూర్చుని, ఆ తర్వాత ఆలివ్ నూనెతో మోకాళ్ళు మర్దనా చెయ్యాలి. మా ఇద్దరి మాటల్లో సగం అరబ్బీ, సగం చేతి సైగలు. నాకొచ్చిన అరబ్బీ అంతా ఆవిడ మోకాళ్ళ దగ్గర నేర్చుకున్నదే.

ఆ గది వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు. నూనె వాసన, యాలకులు వేసిన కాఫీ వాసన, ఊదు పొగ. స్నానం అయ్యాక యుమ్మా తలకి చుట్టుకునే నల్లగుడ్డని ఊదు పొగ మీద పట్టి, అది బాగా ఆ వాసన పీల్చుకున్నాకే కట్టుకునేది. చలి మొదలవగానే గదిలోకి ఇత్తడి కుంపటి వచ్చేది. బొగ్గుల మీద నారింజ తొక్కలు పడేసేది, ఇల్లంతా కమ్మగా ఉంటుందని. రోజూ పొద్దున్నే కిటికీ తెరిపించి, చెయ్యి బయటికి పెట్టి, వేళ్ళు కదిలిస్తూ కాసేపు ఉండేది. ఆ తర్వాత ఈ రోజు దుమ్మొస్తుందనో, రేపు వానొస్తుందనో ప్రకటించేది. ఆవిడ నాన్న ముత్యాల పడవల మీద సముద్రానికి వెళ్ళిన మనిషట. గాలి చూడటం ఆయన దగ్గరే నేర్చుకుందట. సాయంత్రం టీవీలో వాతావరణం చెప్పే కుర్రాడు పటం ముందు నిలబడగానే యుమ్మాకి ఒళ్ళు మండేది. వాడు చెప్పే ప్రతి ముక్కకీ ఎదురు చెప్పేది. "గది తలుపులేసుకుని కూర్చునేవాడికి గాలి సంగతేం తెలుసు?" అని నా వైపు చూసేది. నాకు వాడి మాటా అర్థమయ్యేది కాదు, ఆవిడ మాటా సగమే అర్థమయ్యేది. అయినా తల ఊపేదాన్ని.

డిసెంబరు రాగానే మామాని వంటగదిలో పట్టుకుని క్రిస్మస్ రోజు ప్రార్థనకి వెళ్తానని అడిగాను. ఊళ్ళో చర్చి ఆవరణ ఒకటి ఉందనీ, అక్కడ మధ్యాహ్నం తెలుగులో ఆరాధన జరుగుతుందనీ డ్రైవరు ఖాదర్ అన్న చెప్పాడు. ఆయనది రాయచోటి. ఐదుపూటలా నమాజు చేసే మనిషే అయినా, ఏ తెలుగువాళ్ళు ఎక్కడ కలుసుకుంటారో అన్నీ తెలుసుకుని ఉంచేవాడు. ఆ ఇంట్లో ఆయనతో తప్ప తెలుగు మాట్లాడే దిక్కు లేదు నాకు. అదీ కారు కడుగుతున్నప్పుడు రెండు ముక్కలు. మామా మంచి మనిషే. "ఇన్షాల్లా, వెళ్దువుగాని" అంది. ఆ మాట పట్టుకుని నేను రోజులు గడుపుకొచ్చాను. మా ఊళ్ళో అయితే ఈపాటికి కుర్రాళ్ళు చర్చికి సున్నం కొట్టేసి, వెదురు బద్దలతో నక్షత్రం కట్టేస్తుంటారు. పశువుల పాక బొమ్మ మీద దూది అతికించి మంచు అనుకుంటారు. మంచన్నది నేను చూసింది ఆ దూదిలోనే.

పండగ వారం దగ్గరపడింది. మామావాళ్ళ పిల్లల పరీక్షలు అయిపోయాయి. బర్‌కి, అంటే ఎడారికి వెళ్దామని యుమ్మా మొదలుపెట్టింది. చలికాలంలో ఇక్కడివాళ్ళు ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి ఉంటారు. మన దగ్గర కార్తీక మాసం వనభోజనాల సరదా లాంటిదే, కాకపోతే ఇంటి సామానంతా తరలిపోతుంది. తివాచీలు, దిండ్లు, బియ్యం బస్తాలు, గిన్నెలు, జనరేటరు. యుమ్మా వెళ్తే నేనూ వెళ్ళాల్సిందే. నా సెలవు సంగతి గుర్తు చేస్తే మామా ముఖం చిన్నబుచ్చుకుని, "వచ్చే ఏడు తప్పకుండా" అంది. తిరిగి ఒక మాట అనడం నాకప్పటికి చేతకాదు. సరే అన్నాను. గుడారాల దగ్గరికి చేరిన రోజంతా తివాచీలు దులుపుతూ ఎవరికీ కనబడకుండా ఏడ్చాను.

ఎడారి మాత్రం బావుంది, ఆ మాట దాచను. గాలికి దుమ్ము లేదు. గుడారం లోపల ఎర్రటి పూల గుడ్డ కట్టి ఉంది. యుమ్మా అక్కడికి రాగానే పదేళ్ళు చిన్నదైపోయినట్టు కనిపించింది. కానీ క్రిస్మస్ ముందురోజు పొద్దున్న బాబా రేడియో పట్టుకుని వచ్చాడు. సాయంత్రానికి పెద్దగాలి, వడగళ్ళ వాన ఉందట. అందరం ఇంటికి వెళ్ళిపోదామన్నాడు. యుమ్మా లేచి గుడారం గుమ్మంలో నిలబడి, చెయ్యి చాపి, వేళ్ళు కదిలించింది.

"ఇది వానగాలి కాదు. వానొస్తే ఎల్లుండి. నేను కదలను."

"యుమ్మా, రేడియోలో చెప్పారు."

"రేడియో పుట్టకముందు నుంచీ నేనీ గాలి చూస్తున్నాను."

తల్లిని ఎదిరించి మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. బాబాకి ఆఫీసులో తప్పని పని ఉంది. మామా పిల్లల్ని తీసుకుని ఆయనతోపాటే ఊళ్ళోకి బయల్దేరింది. చీకటి పడేలోపే వచ్చి ఎలాగోలా ఒప్పించి తీసుకెళ్తాను, కనిపెట్టుకుని ఉండండని ఖాదర్ అన్నకీ నాకూ చెప్పి బాబా వెళ్ళిపోయాడు. అలా యుమ్మా, నేను, ఖాదర్ అన్న ముగ్గురం మిగిలాం.

మధ్యాహ్నం భోజనాలయ్యి గిన్నెలు కడుగుతుండగానే పడమటి దిక్కు నల్లబడింది. ఖాదర్ అన్న ఒక్కసారి అటు చూసి, సుత్తి తీసుకుని గూటాలు బిగించడం మొదలుపెట్టాడు. "చెల్లెమ్మా, ముసలామెను జీపులోకి తీసకపోదామా? వాన పెద్దదే వచ్చేట్టుండాది" అన్నాడు. యుమ్మాని అడిగాను. నవ్వి, ఇది ఊరికే మబ్బు, పోతుందంది. కాసేపటికి గాలి వచ్చి గుడారాన్ని గుద్దింది. చలి ఒక్కసారిగా ఎముకల్లోకి దిగింది. యుమ్మా కుంపటి నిండా బొగ్గులు వెయ్యమంది. గుమ్మం గుడ్డని తాళ్ళతో కిందనుంచి పైదాకా కట్టెయ్యమంది. గాలి దూరకుండా అంచుల మీద తివాచీలు కప్పించింది. ఖాదర్ అన్న వంట గుడారం ఎగిరిపోకుండా చూసుకోవడానికి అటు పరిగెత్తాడు. లోపల మేమిద్దరం, మధ్యలో కుంపటి.

యుమ్మా తన పెళ్ళి కథ మొదలుపెట్టింది. పెళ్ళినాడు వానకి మట్టి ఇల్లు కారిపోతే పెళ్ళికూతుర్ని చాప కప్పి మోసుకెళ్ళారట. పైన వడగళ్ళు డప్పు కొట్టినట్టు పడుతున్నాయి. ఒకరి మాట ఒకరికి సరిగా వినబడటం లేదు. నాకు తల బరువెక్కుతోంది. చలికనుకున్నాను. నాలుక పిడచకట్టినట్టయింది. యుమ్మా మాటలు నెమ్మదించాయి. చాప దగ్గరికి వచ్చి ఆగిపోయింది. "తర్వాతేమైంది యుమ్మా?" అన్నాను. పలకలేదు. భుజం పట్టి కదిపితే తల పక్కకి వాలిపోయింది. కళ్ళు అరమోడ్పుగా ఉన్నాయి.

అప్పుడు నాకు మా నాయనమ్మ జ్ఞాపకం వచ్చింది. మా ఇంట్లో ఎవరు పురుడు పోసుకున్నా బాలింత గదిలో కుంపటి పెట్టేవారు. నాయనమ్మ మాత్రం తలుపు ఓరగా తీసిపెట్టి, గుమ్మంలోనే మంచం వేసుకుని పడుకునేది. చలని ఎవరైనా ఆ తలుపు మూస్తే వాళ్ళని నానా తిట్లూ తిట్టేది. ఒకసారి అలా మూసిన ఇంట్లో తల్లీ బిడ్డా ఇద్దరూ లేవలేదని చెప్పేది. అది గుర్తు రాగానే, ఆ కుంపటే మమ్మల్నీ పట్టిందని తెలిసింది. లేవబోతే కాళ్ళు తేలిపోయాయి. పాక్కుంటూ గుమ్మం దగ్గరికి వెళ్ళాను. తాళ్ళు తడిసి బిగుసుకుపోయాయి, ముడులు ఊడిరావు. పళ్ళు కోసే కత్తి తీసుకుని తాళ్ళు కోశాను. కొన్ని తెగలేదు. గుడారం గుడ్డనే నిలువునా చీరేశాను. గాలి, వడగళ్ళు కలిసి నా ముఖం మీద పడ్డాయి. అంత హాయి నేనెన్నడూ ఎరగను. కొంగుతో కుంపటి పట్టుకుని బయటికి విసిరేశాను. చేతులు కాలిన సంగతి తర్వాతెప్పుడో తెలిసింది. యుమ్మాని లేపడం నా వల్ల కాదు. ఆవిడ పడుకున్న తివాచీ అంచు పట్టుకుని, ఏసయ్యా ఏసయ్యా అనుకుంటూ గుమ్మందాకా ఈడ్చి, ఖాదర్ అన్నా అని అరిచాను.

ఆయన అన్నం వడ్డించే పెద్ద పళ్ళెం నెత్తిన పెట్టుకుని వచ్చాడు. నిమ్మకాయలంత వడగళ్ళు ఆ పళ్ళెం మీద టంగుటంగున మోగుతున్నాయి. "యా అల్లా, ఏమైందమ్మా?" అంటూనే పళ్ళెం యుమ్మా ముఖం మీద అడ్డం పెట్టమని నాకిచ్చి, తివాచీతో సహా ఆవిడని ఎత్తుకున్నాడు. మేము జీపు చేరేలోపే గుడారం నడిమి గుంజ విరిగి, వడగళ్ళ బరువుకి గుడారమంతా నేలకి ఒరిగిపోయింది. జీపు అద్దాలు దించి, యుమ్మా తల నా ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు రుద్దుతూ కూర్చున్నాను. ఖాదర్ అన్న ముందు సీట్లో దువా చదువుతున్నాడు. వెనక సీట్లో నేను నాకొచ్చిన కీర్తన పాడుతున్నాను. ఎంతసేపో తెలియదు. యుమ్మా ఒక్కసారి దగ్గి, వాంతి చేసుకుని, కళ్ళు తెరిచింది. నా ముఖం చూసి, జీపు చూసి, "నా కుంపటి ఏది?" అంది.

ఖాదర్ అన్న వెనక్కి తిరిగి, ఏడుస్తూ నవ్వాడు.

వాన ఆగాక చూస్తే కంటికి ఆనినంత మేరా తెలుపే. ఇసుకన్నది ఎక్కడా లేదు. మా ఊళ్ళ వైపు ఉప్పు మళ్ళు ఉంటాయి, ఎండాకాలం అలా మెరుస్తాయి. "మా తట్టు పత్తి ఆరబోసినట్టుండాది చెల్లెమ్మా" అన్నాడు ఖాదర్ అన్న. అంతలో బాబా కారు బురదలో ఈదుకుంటూ వచ్చింది. కూలిపోయిన గుడారం, చీరిన గుడ్డ, తడిసి వణుకుతున్న తల్లి. ఆయనకి ముందు అవే కనబడ్డాయి. గుడారం ఎవరు చీరారని నా మీద విరుచుకుపడ్డాడు. నాకు భాష చాలలేదు. కుంపటి, తల, నిద్ర అని చేతులతో చూపిస్తున్నాను. జరిగిందంతా జీపులోనే ఖాదర్ అన్న చెప్పగా విన్న యుమ్మా లేచి కూర్చుంది. "అరవకు. నేను చెప్పిన గాలి తప్పింది. ఈ పిల్ల చీరకపోతే నువ్వొచ్చేసరికి నేనుండేదాన్ని కాదు" అంది. బాబా మమ్మల్ని సరాసరి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు మాకిద్దరికీ ముక్కుకి గాలి గొట్టాలు పెట్టి, మూసిన గుడారంలో బొగ్గుల వల్ల చలికాలంలో ఎందరు పోతారో బాబాకి చెప్పాడట. నా చేతులకి మందు రాసి కట్లు కట్టారు.

మర్నాడు క్రిస్మస్. మామా నన్ను లేవద్దంది, తనే టీ తెచ్చి ఇచ్చింది. కిటికీ బయట వాన మళ్ళీ పట్టుకుంది. రోడ్లు మునిగాయనీ, సాయంత్రం దాకా ఎవరూ బయటికి రావద్దనీ టీవీలో చెప్తున్నారు. నేను స్నానం చేసి, ఉన్న చీరల్లో మంచిది కట్టుకుని, కట్లున్న చేతులతోనే జడ వేసుకుని హాల్లోకి వచ్చాను.

"మామా, నేను ప్రార్థనకి వెళ్ళాలి."

"ఈ వానలోనా? ఎవరొస్తారు అక్కడికి? శుక్రవారం నేనే పంపిస్తాను."

సరే అని లోపలికి వెళ్ళిపోవాలి, నాకలవాటైన పద్ధతి అది. కానీ నిన్నటి గుడారం గుడ్డ చీరిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. "ఎవరూ రాకపోయినా ఫర్వాలేదు మామా. పండగ ఈ రోజు. నేను వెళ్ళాలి" అన్నాను. కదలకుండా నిలబడ్డాను. మామాకి కోపం రాలేదు, కొత్తగా చూసింది. లోపలి గది నుంచి యుమ్మా గొంతు వినబడింది, ఖాదర్‌ని పిలవమని. తను చలికాలం కప్పుకునే ఉన్ని లోపలేసిన పెద్ద కోటు నా భుజాల మీద వేయించింది. అది నా పాదాల దాకా వచ్చింది. "బండి తేల్తాదో మునుగుతాదో నాకు తెలీదు గానీ, నిన్ను ఆడ దింపే పూచీ నాది" అన్నాడు ఖాదర్ అన్న.

వంతెన కింద నీళ్ళు నిలిచి బండి ఆగిపోయింది. ఆయన బండి దగ్గరే ఉండిపోయి, చెయ్యి చూపించి దారి చెప్పాడు. చెప్పులు చంకన పెట్టుకుని, కోటు పైకెత్తి పట్టుకుని, మోకాళ్ళ నీళ్ళలో నడిచాను. చర్చి ఆవరణలో ఒక్కో భాషవాళ్ళకి ఒక్కో హాలు, అన్నీ మూసి ఉన్నాయి. ఇంత కష్టపడి వచ్చి వెనక్కి వెళ్ళాలా అనుకుంటూనే చివరిదాకా వెళ్ళాను. చిట్టచివరి తలుపు తీసి ఉంది. లోపల గట్టిగా లెక్కేస్తే గుప్పెడు మంది. ఒక పెద్దావిడ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. చీర అంచు తడిసిపోయింది. కరుణమ్మగారని, ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా నర్సు. నన్ను చూడగానే లేచి, "వచ్చావా తల్లీ! తలుపేసేద్దామని వీళ్ళంతా గోల. ఎవరో ఒక పిల్ల ఏ ఇంట్లోంచో పడుతూ లేస్తూ వస్తాది, ఆగండని నేను కూర్చున్నాను" అంది. నేనెవరో ఆవిడకి తెలియదు. నా పేరూ తెలియదు. ఎన్నో నెలల తర్వాత ఒక ఆడమనిషి నోట నన్ను తల్లీ అన్న పిలుపు విన్నాను. పాట మొదలైంది గానీ నేను అందుకోలేకపోయాను. కరుణమ్మగారు నా కట్ల మీద చెయ్యి వేసి, నా వంతు కూడా తనే పాడింది.

యుమ్మా ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఏ క్రిస్మస్‌కీ నేను సెలవు అడగాల్సిన పని లేకపోయింది. టీవీలో వాతావరణం వచ్చినప్పుడు మాత్రం నోరు మూసుకుని వినేది, విన్నాక కిటికీ తెరిపించేది. ఆవిడ పోయాక నేను ఆ ఇల్లు వదిలాను. పెళ్ళి, పిల్ల, మళ్ళీ ఒంటరితనం, ఆ కథంతా వేరు. ఇప్పుడు ఫర్వానియాలో నర్సు చేస్తున్న మా అమ్మాయి దీవెన దగ్గర ఉంటున్నాను. ఆనాడు వానొస్తుందన్న కబురు కూడా నాకు పరాయి భాషలో, పరాయి చేతుల మీదుగా వచ్చింది. కదలాలా ఉండాలా అన్నది ఇంకెవరో తేల్చారు. ఇప్పుడు గంటగంటకీ ఏ వీధిలో ఎంత వానో తెలుగులోనే నా చేతిలోకొస్తోంది. మా హాలుకి నాలుగు గోడలూ, హీటర్లూ, మైకులూ ఉన్నాయి. బస్సులున్నాయి, కార్లున్న కుటుంబాలున్నాయి. వాయిదా వేస్తే మాలాంటివాళ్ళకి పోయేదేమీ లేదు, శుక్రవారం మళ్ళీ వస్తాం. కానీ సల్వాలోనో మరెక్కడో ఒక ఇంట్లో, ఆ ఒక్క రోజుకే ఒప్పించుకున్న పిల్ల ఉంటుంది. ఆ పిల్లకి శుక్రవారం లేదు. వాయిదా పడిందన్న మెసేజి చూసే తీరిక కూడా దానికి ఉండదు. సరాసరి వచ్చేస్తుంది.

ఇదంతా రాస్తుండగా దీవెన డ్యూటీ నుంచి వచ్చింది. ఏం రాస్తున్నావని అడిగితే వినిపించాను.  విన్నాక, పట్టేసిన నా మోకాళ్ళ వైపు చూస్తూ, "నిజంగా తుఫానొచ్చి ఒక్కరు కూడా రాకపోతే ఏం చేస్తావమ్మా?" అంది.

"రానివాళ్ళ సంగతి నాకెందుకే? వచ్చేవాళ్ళు తడిసొస్తారు, టీ కావాలి. రేపు వచ్చేటప్పుడు పాలు కాస్త ఎక్కువే తీసుకురా. రెండు తువ్వాళ్ళు కూడా" అన్నాను.